తరగతి గదిలో ఫోను: రచయిత హక్కు, పిల్లల హక్కు

ఏ సాంకేతిక సాధనమూ సమాజంలోకి తటస్థంగా రాదు. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి ప్రయోజనానికి పనిచేస్తోంది అన్న ప్రశ్నను వెంటబెట్టుకునే వస్తుంది. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా ఇళ్లకు చేరాయి. వాటి వెంట ఫోను కూడా తరగతిలో భాగమైపోయింది. సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల ఇళ్లలో, జగిత్యాల, కోరుట్ల బీడీ కార్మికుల ఇళ్లలో ఆ ఫోను తరచుగా ఒక్కటే, పిల్లలు ఇద్దరో ముగ్గురో. తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఇంటికీ ఆయనకూ మధ్య ఉన్న బంధం కూడా ఆ ఫోనే. కనుక దాన్ని బడి నుంచి బహిష్కరించాలనడం తేలిక గాని, ఆచరణలో అర్థం లేనిది. తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. తరగతి లోపల న్యాయమైన పని, తరగతి గడప దాటాక కూడా న్యాయమేనా?

ముందు రచన సంగతి చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్, బోధనా క్రమంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఏ రచననైనా ప్రతి తీసుకోవచ్చునంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని ఒక ఫోటోకాపీ దుకాణంపై ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి ప్రచురణ సంస్థలు 2012లో దావా వేసినప్పుడు ఈ సెక్షనే విద్యార్థులను ఆదుకుంది. 2016లో హైకోర్టు, రచయితకు సంపూర్ణ యాజమాన్యం కట్టబెట్టే సహజ హక్కు కాదు కాపీరైట్ అన్నది. బోధన అంటే గంటసేపటి ఉపన్యాసం మాత్రమే కాదనీ, చదువు సాగే క్రమమంతా అనీ వివరించింది. ప్రజల పక్షాన రాసే రచయితలు ఈ తీర్పును తమ విజయంగానే భావించాలి.

అయితే ఈ వెసులుబాటుకు ఒక హద్దు ఉంది. బడి వార్షికోత్సవంలో నాటకం వేసుకోవడానికి అదే సెక్షన్ అనుమతిస్తూ, ప్రేక్షకులు బడివాళ్లూ, తల్లిదండ్రులూ, బడి కార్యకలాపాలతో సంబంధమున్నవాళ్లూ అయివుండాలంటుంది. ఆ నాటకాన్నే ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షప్రసారం చేస్తే ప్రేక్షకులు ఎవరు? లోకమంతా. అప్పుడది బోధన కాదు, ప్రచురణ. రచయిత మరణానంతరం 60 ఏళ్లు నడిచే హక్కు అక్కడ ముందుకొస్తుంది. 1915లో పోయిన గురజాడ రచనలు జాతి సొత్తు. 1993లో పోయిన జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ కవితల మీద హక్కు 2053 చివరిదాకా, 2017లో పోయిన సిరిసిల్ల ప్రాంతపు సి. నారాయణరెడ్డి రచనల మీద 2077 చివరిదాకా ఉంటుంది. గడువు సంగతి అలా ఉంచినా, అలిశెట్టి కవితను ఆయన పేరు తీసేసి ఫోన్లలో తిప్పడం ఏ విధంగానూ సాహిత్య సేవ కాదు.

ఇక మనం అంతగా పట్టించుకోని రచయిత ఒకరున్నారు. ఆరో తరగతి పిల్ల. చట్టం దృష్టిలో రాసినవాళ్లే తొలి హక్కుదారులు, వయసుతో నిమిత్తం లేదు. తన పేరు ఉండాలనే హక్కు, తన రచనను వక్రీకరించి పరువు తీయకూడదనే హక్కు 57వ సెక్షన్ శ్రీశ్రీకి ఎంత ఇచ్చిందో ఈ పిల్లకూ అంతే ఇచ్చింది. తెలంగాణ బడుల నుంచి పిల్లల కవితా సంకలనాలు ఎన్నో వచ్చాయి. అది హర్షించదగిన పరిణామం. కాని మాస్టారి దిద్దుబాట్లలో పిల్ల గొంతు మాయమైతే, ముఖచిత్రం మీద మాస్టారి పేరే మిగిలితే, శ్రమ ఒకరిది, కీర్తి ఒకరిది అనే పాత కథే ఇది కూడా. యాజమాన్యాల దోపిడీ గురించి రాసే మనం ముందుగా ఇది గమనించాలి.

బొమ్మ సంగతి మరీ తీవ్రమైనది. అలిశెట్టి బతుకుదెరువుకు జగిత్యాలలో ఫోటో స్టూడియో నడిపాడు. స్టూడియోకి వచ్చిన మనిషి తన ఇష్టంతో కెమెరా ముందు కూర్చుంటాడు. పాత చెప్పులతో, దాత ఇచ్చిన నోటుపుస్తకంతో వరుసలో నిలబెట్టిన పిల్లను ఆ ఇష్టం అడిగిందెవరు? పాఠం అప్పజెప్పలేక ఏడ్చే పిల్లవాడి వీడియో నలుగురికీ నవ్వులాట అయితే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించిన మానసిక వేధింపు అది కాక మరేమిటి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. చదువు కోసం, భద్రత కోసం బడులకు కొన్ని మినహాయింపులున్నాయి, ప్రచారం కోసం కాదు.

సంతకం తీసుకుంటే చాలదా అని అడగవచ్చు. చాలదు. పిల్లకు చదువూ మధ్యాహ్న భోజనమూ ఇచ్చే బడి కాగితం చాపితే, బీడీలు చుట్టే తల్లి కాదనగలదా? కాదనే వీలు లేనిచోట సమ్మతికి విలువ లేదు. చట్టం ఆగిన ఈ చోటే నీతి మొదలవుతుంది.

దుబాయిలో ఉన్న తండ్రి తన బిడ్డ పద్యం చదవడం చూసుకోవాలి. ఆ ఇంటికి పంపిన వీడియో చదువులో భాగమే. అదే వీడియో బహిరంగ పేజీకెక్కితే, ఆ వేదిక నడిపే కంపెనీకి దాన్ని ఉచితంగా వాడుకునే అనుమతి దాని నిబంధనల ప్రకారమే దక్కుతుంది. ఒకటి పిల్ల కోసం, రెండోది పిల్లను వాడుకోవడం. ఫోను పైకెత్తే ముందు ఉపాధ్యాయుడు, రచయిత వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దీనివల్ల మేలు ఎవరికి?