సరుగుడు తోపులో నాలుగు దినములు

విశ్రాంతికై యిల్లు విడిచి నాలుగు దినములు తోపులో నుండి వచ్చితిమని చెప్పగానే, ‘మరి వంట యెవరు చేసిరి?’ అని మమ్ము నడుగని సోదరి లేదు. వంట మేమే చేసితిమి. వాకిలి మేమే యూడ్చితిమి. నీళ్ళును మేమే తోడితిమి. అయినను విశ్రాంతి దొరకినది. అది యెట్లు దొరకినదో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మా తోడికోడలికి కార్తికమాసములో జ్వరము వచ్చి, మూడు వారములు మంచము పట్టించినది. లేచిన మరునాటి నుండియే ఆమె మరల పొయ్యి యొద్ద చేరినది. మాఘము వచ్చినను ముఖమున కళ రాలేదు. తెనాలిలో మా వైద్యుడు పరీక్షించి, ‘మందులు చేయవలసిన పని చేసినవి. ఇక నీమెను నాలుగు దినము లింటి నుండి తప్పింపుడు’ అనెను. ఆ మాట యింటిలో నెత్తుటకు మాకు భయము. మా అత్తగారు రేపల్లెకు దిగువను, సముద్రమునకు దగ్గర పల్లెలో పుట్టి పెరిగినవారు. పనియందు మిక్కిలి ఖండితముగా నుందురు. మేము కాపురమునకు వచ్చిన యిరువది యేండ్లలో వారు క్షణమైన ఊరక కూర్చుండగా మేము చూడలేదు. అట్టివారు వైద్యుని మాట విని, కొంతసేపు పలుకక, ‘నేనును వచ్చెదను’ అనిరి. ఇక విశ్రాంతి యెక్కడిదని మేమిద్దరమును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి.

బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున సూర్యలంక సముద్రతీర మున్నది. ఆ ప్రాంతమున మా బంధువుల సరుగుడు తోపును, అందులో కాపలాకై వేసిన తాటాకు పాకయు గలవు. తెనాలిలో రైలెక్కి నిడుబ్రోలు మీదుగా బాపట్ల చేరితిమి. దారి పొడవునను కోత లైన మాగాణులలో మినుము పచ్చగా నుండెను, గట్లమీద గడ్డివాములు. 1855లో బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ డెల్టా భూములకు కాలువనీటి కరవు తగ్గినది. బాపట్లలో భావనారాయణస్వామిని దర్శించుకొని, ఆటో మాటాడుకొని బయలుదేరితిమి. సముద్రమువైపు సాగుకొలది నల్లనేల పోయి యిసుకనేల వచ్చినది.

పాక చిన్నది. ఒక గది, ముందొక పంచ, ప్రక్కన మూడు రాళ్ళ పొయ్యి. విద్యుద్దీపము లేదు, లాంతరు వెలిగించుకొంటిమి. చుట్టును సరుగుడు చెట్లు బారులు తీర్చి నిలిచి యున్నవి. మనము సరుగుడాకు లనుకొను పచ్చని సన్నని పుల్లలు నిజముగా ఆకులు కావు, లేత కొమ్మలే. వానికి గణుపు లున్నవి. ఒక్కొక్క గణుపు చుట్టును కంటికి కనబడీ కనబడని పొలుసులే అసలైన ఆకులు. అందుచేతనే యీ చెట్టు నీటిని పొదుపుగా వాడుకొని యిసుకలోను బ్రదుకగలదు. దీని వేళ్ళ బుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టున కందించును.

మొదటి దినము మా తోడికోడలు పాకను మూడు మారు లూడ్చినది. యిసుకనేల నెన్నిమారు లూడ్చినను యిసుకయే కదా! చేతులకు పని లేకున్న ఆమెకు తోచలేదు. మేము రాలిన సరుగుడు పుల్లలు ప్రోగుచేసి పొయ్యి రాజేసితిమి. అవి చమురు పోసినట్లు భగ్గున మండి, అంతలోనే యారిపోవును, అన్న మడుగంటినది. అత్తగారు వచ్చి ఏమియు ననక, ఎండిన కొమ్మలు నాలుగు విరిచి లోపల పెట్టి, పుల్లలను రాజేయుటకు మాత్రమే వాడవలెనని చూపిరి. గిన్నెల యడుగున తడిబూడిద పూసిరి. అట్లు చేసినచో మసి గిన్నె కంటక కడుగగానే పోవును. గ్యాసుపొయ్యిల కలవాటుపడిన మాకీ సంగతి తెలియదు. తోపులో వంట చేయువారు పొయ్యి చుట్టును రెండు మూడు గజముల వరకు రాలిన పుల్లలను ఊడ్చివేసి, వంట కాగానే నీళ్ళు చల్లవలెను. ఒక్క నిప్పురవ్వ చాలును, తోపంతయు తగులబడుటకు.

రెండవ దినమున నీళ్ళు తోడుట మా వంతు. పాక వెనుక దొరు వున్నది. బాపట్ల, చీరాల ప్రాంతముల యిసుకనేలలలో దొరువు లెరుగనివారు లేరు. లోతుతక్కువగా, వెడల్పుగా త్రవ్విన గుంట యది. యిసుకలో నింకిన వాననీరు క్రింది యుప్పునీటికంటె తేలిక గనుక దానిపై పలుచని పొరగా నిలిచియుండును. ఆ పొర వరకే త్రవ్వినచో తియ్యని నీరు. తొందరపడి లోతుగా త్రవ్వినను, యంత్రము పెట్టి యొక్కమారే లాగినను, అడుగునున్న యుప్పునీరు పైకి లేచును. ఈ నీటితోనే యిచ్చటి రైతులు తరతరములుగా కడవలతో నారుమళ్ళను, కూరపాదులను తడిపిరి. వ్యవసాయ కళాశాల 1945 నుండి యీ యూర నున్నది. ఇచ్చటి శాస్త్రజ్ఞులు యిసుకలో చిల్లుల గొట్టములను అడ్డముగా పరచి, పై పొర నీటినే యొక బావిలోనికి చేర్చు ఉపాయమును ప్రచారములోనికి తెచ్చిరి.

మేము బిందెలు త్వరత్వరగా నింపుచుండగా అత్తగారు, ‘అమ్మాయీ, నిదానము. నాలుగు బిందెలు తోడి, ఊట వచ్చువరకు కూర్చుండుడు’ అనిరి. కూర్చుంటిమి. కూర్చుండుటయే అచ్చట పనిలోని భాగము. ఆ మధ్యాహ్నము మా తోడికోడలు దొరువు గట్టున చెట్టుకు చేరగిలి నిద్రపోయినది. జ్వరము వచ్చిన తరువాత ఆమె పగటిపూట నిద్రపోవుట అదియే మొదలు.

ఆ రాత్రి గాలి లేచినది. సరుగుడు తోపులో గాలి వీచినప్పుడు సముద్రపు హోరువంటి ధ్వని పుట్టును. నిజమైన సముద్ర మావల నుండనే యున్నది. ఏది తోపో ఏది సముద్రమో చెవి కంతుపట్టదు. నడిరేయి మెలకువ వచ్చి చూచితిమి గదా, అత్తగారు లాంతరు పెద్దది చేసి కూర్చుండి యున్నారు.

వారి పుట్టింటివారు ఉప్పెనలో పోయిరని మేమెరుగుదుము. ఎట్లు పోయిరో వా రెన్నడును చెప్పలేదు. ఆ రాత్రి చెప్పిరి.

‘1977వ సంవత్సరము. నాకు పెండ్లియై రెండేండ్లు. కార్తికమాసములో నన్ను తీసికొనిపోవుటకు మా తమ్ముడు రేపల్లెలో రైలెక్కి తెనాలి వచ్చినాడు. కోతలు దగ్గరపడినవి, పని యున్నదని మా అత్తగారు పంపలేదు. నేను తమ్ముని ఎదుటనే యేడ్చినాను. వాడొక్కడే తిరిగి పోయినాడు. వారము తిరుగకుండ ఉప్పెన వచ్చినది. అమ్మ, నాన్న, తమ్ముడు, ఇల్లు, ఏదియు మిగులలేదు. పనియే కదా నన్ను బ్రదికించినదని యందరు ననిరి. నేనును నమ్మినాను. ఆనాటి నుండి పని విడుచుటకు భయము. మిమ్మును పంపుటకును భయమే. మీరు దానిని కాఠిన్య మనుకొన్నారు.’

మేమేమియు ననలేకపోతిమి. మా తోడికోడలు లేచి వారి కాళ్ళయొద్ద కూర్చుండినది. తెల్లవారువరకు ముగ్గురమును అట్లే యుంటిమి.

1977 నవంబరు 19వ తేది శనివారము నాటి యా తుపాను దివిసీమను, రేపల్లె తాలూకా తీరమును ముంచివేసినది. సముద్రపుటల తాటిచెట్ల మొదళ్ళను ముంచి మైళ్ళ దూరము లోపలికి వచ్చినది. సుమారు పదివేలమంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. ఆ తరువాత తీరమున తుపాను ఆశ్రయభవనములు కట్టిరి; గాలి నాపుటకు సరుగుడు తోపులు విరివిగా పెంచిరి. 1990 మే నెలలో మరల పెనుతుపాను వచ్చినప్పుడు జనమును ముందుగానే పెద్దయెత్తున తరలించినందున మరణములు వేయికి లోపుగా నాగినవి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల యొద్దనే తీరము దాటినది. సరుగుడు చెట్లు గాలివడిని, ఎగిరి వచ్చు యిసుకను అడ్డుకొనునే గాని ఉప్పెనను నిలుపజాలవు. హెచ్చరిక వినబడగానే కదలుటయే ప్రాణరక్షణ. ఇంటి పనులు చక్కబెట్టి వత్తునని ఆడువారు వెనుకబడరాదు. సోదరీమణులు దీని నొక్కదానిని మరువవలదు.

మూడవ దినమున అత్తగారు మాకు పని చెప్పలేదు. తామును చేయలేదు. ముగ్గురమును పంచలో కూర్చుండి, ఉన్న గోంగూరపచ్చడితో రెండు పూటలు గడపితిమి.

నాలుగవ దినము తెల్లవారుజామున వారు చెంబుతో దొరువునీరు ముంచి, ‘రండి’ అనిరి. తోపు దాటి తీరమునకు నడచితిమి. నలువది యేండ్లకు పైగా చూడని సముద్రమును వారు చాలసేపు చూచిరి. పిదప మోకాళ్ళ లోతు దిగి, చెంబులోని తీయనీరు మెల్లగా పోసిరి. ‘ఉప్పునీళ్ళు త్రాగి పోయినారు’ అని మాత్రమే యనిరి. కన్నీరు లేదు. వెనుకకు మరలి, ‘అన్నము వండుకొని బయలుదేరుదము’ అనిరి.

తెనాలి స్టేషనులో దిగిన తరువాత వారు మా తోడికోడలి చేతినుండి సంచి పుచ్చుకొని, ‘వచ్చే మాఘమునకు మీరిద్దరును వెళ్ళుడు. ఇల్లు నేను చూచుకొందును’ అనిరి. ఆమెకు బదులు పలుకుటకు మాట రాలేదు, తల యూపినది.

ఇప్పు డామె ముఖమున కొంత కళ వచ్చినది. మధ్యాహ్నము పనులు ముగియగానే మా యింట ముగ్గురమును ఒక గంట ఊరక కూర్చుందుము. ఎవరైన లేవబోయినచో అత్తగారు, ‘ఊట రానిమ్ము’ అందురు.