అందలూసియాకుఁ బయనమగువారికి

స్పెయిను దేశపు సంస్కృతిని, ఆహారమును స్వయముగా నెఱుఁగఁగోరువారు పెక్కు నగరములను పరుగుపరుగునఁ జుట్టివచ్చుటకంటె, దక్షిణమునఁ గల అందలూసియా ప్రాంతము నొక్కదానినే యెన్నుకొని నింపాదిగాఁ జూచుట మేలని నా నిశ్చితాభిప్రాయము. వేసవిలో సెవిల్ నగరమున ఎండ 40 డిగ్రీలు దాటుచుండును గనుక వసంతమో శరత్తో ప్రయాణమున కనుకూలము.

కోర్దోబాలో 785వ సంవత్సరమున ఆరంభింపఁబడిన మహామసీదు, ఎఱుపు తెలుపు చాఱల జంటతోరణముల నడుమ, తరువాతి కాలమున నిర్మితమైన క్రైస్తవ దేవాలయమును తన గర్భమున నిలుపుకొనియున్నది. 1492లో కడపటి ముస్లిము రాజు విడిచిపోయిన గ్రనాడాలోని అల్‌హంబ్రా సౌధములు నేఁటికిని తమ గచ్చు నగిషీలతో, నీటి కాలువలతో చూపఱులను నిలువరించుచున్నవి. అందలి నస్రీద్ రాజుల సౌధములలోనికి టిక్కెట్టుపై నున్న వేళకే ప్రవేశము. ఆ టిక్కెట్లు త్వరగా నమ్ముడుపోవును గావున విమానపు టిక్కెట్టుతోపాటే కొనవలయును.

అచట మధ్యాహ్నభోజనము రెండు గంటలకు, రాత్రిభోజనము తొమ్మిది దాటిన పిమ్మట. నడుమ ఆఁకలి తీర్చునవి తపాస్ అను చిఱుతిండ్లు. గ్రనాడాలోని పెక్కు అంగళ్లలో పానీయము కొన్నవారికి వీనిని వెలలేకుండనే యిత్తురు. పండిన టమాటా, దోసకాయ, కారములేని పెద్దమిరప, వెల్లుల్లి, నిన్నటి రొట్టెముక్క, ఆలివు నూనె, వినిగరు కలిపి మెత్తగా రుబ్బి, పొయ్యి యెక్కింపకయే చల్లగాఁ ద్రాగు గస్పాచోను తప్పక రుచి చూడవలెను. మన వంటింట విడువరాని మిరపయు టమాటాయు ఐరోపాకు మొదట స్పెయిను నావలమీఁదనే అమెరికాలనుండి చేరినవి.

శాకాహారులకు సెవిల్‌లో జీలకఱ్ఱ వేసి వండిన పాలకూర సెనగల కూర లభించును. సల్మొరేహో అను చల్లని టమాటా పులుసుపైఁ బందిమాంసపు తునకలు చల్లుదురు గనుక వలదని ముందే చెప్పుఁడు. స్పెయినుకు వలయు షెంగెన్ వీసాకు ప్రయాణమునకు ఆఱు మాసముల ముందునుండియే దరఖాస్తు చేసికొనవచ్చును, ఆలస్యము చేయకుఁడు.