సీసా మీది అక్షరాలు చదివారా?

మొన్న సంక్రాంతికి డాలస్ నుంచి వచ్చిన మా ఆడపడుచు, సూట్‌కేసు తెరవగానే చాక్లెట్లకంటే ముందు ఒక సీసా తీసి నా చేతిలో పెట్టింది. "వదినా, ఇది మామూలు సి విటమిన్ కాదు, లైపోజోమల్! అన్నయ్యకి రోజూ ఇవ్వు, జలుబు దరిచేరదు" అంది. మావారికి మందుబిళ్ళ అంటే పడదు గానీ, చెల్లెలు తెచ్చిందంటే అమృతమే. పొద్దున రెండు, రాత్రి రెండు క్యాప్సూల్స్ చొప్పున మొదలెట్టేశారు.

పది రోజులు పోయాక అలమర సర్దుతూ సీసా మీది సన్న అక్షరాలు చదివాను. రెండు క్యాప్సూల్స్‌కి 1000 మిల్లీగ్రాములట. అంటే ఈయన రోజుకి 2000 మింగుతున్నారన్నమాట! నా గుండె గుభేలుమంది. రెండేళ్ళ కిందట కిడ్నీలో రాయితో అర్ధరాత్రి ఆయన మెలికలు తిరిగిపోవడం ఆయన మర్చిపోయారేమో గానీ, నేనెలా మర్చిపోతాను?

సీసా చేతిసంచిలో వేసుకుని, అప్పుడు వైద్యం చేసిన డాక్టరుగారి దగ్గరికే వెళ్ళాం. "మనం తీసుకున్న సి విటమిన్‌లో కొంత ఒంట్లో ఆక్జలేట్‌గా మారి మూత్రంలో పోతుందమ్మా. మీవారికి వచ్చిన రాయి ఆ ఆక్జలేట్‌దే. ఇంత మోతాదు ఆయనకి వద్దు" అన్నారాయన. మావారు నా వైపు చూడలేదు.

ఇంతకీ ఈ లైపోజోమల్ ఏమిటి? కజ్జికాయ తెలుసుగా. లోపల పూర్ణం, చుట్టూ పిండిపొర. లైపోజోమ్ కూడా అలాంటిదే, కాకపోతే కంటికి కనబడనంత చిన్నది. లోపల నీళ్ళలో కరిగిన సి విటమిన్, చుట్టూ సోయా నుంచో పొద్దుతిరుగుడు నుంచో తీసిన లెసిథిన్ అనే కొవ్వు పొర. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు లైపోజోమల్ ఇంజెక్షన్ల కోసం ఊరూరా తిరిగిన కుటుంబాలకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. అది మందుకి వేసిన చొక్కా, ఇది విటమిన్‌కి వేసిన చొక్కా.

చొక్కా ఎందుకంటే, సి విటమిన్ కొద్దిగా తీసుకుంటే ఒళ్ళు చాలావరకు పీల్చుకుంటుంది. ఒక్కసారే 1000 మిల్లీగ్రాములు దాటిందా, సగం కూడా పట్టదు. లైపోజోమల్ రకం రక్తంలోకి ఎక్కువ చేరుతుందని కొన్ని చిన్న పరీక్షల్లో తేలింది. నిజమే. కానీ అంత కావాలా అన్నదే అసలు ప్రశ్న. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 65, మగవాళ్ళకి 80, గర్భిణికి మరో 15, పాలిచ్చే తల్లికి మరో 50 మిల్లీగ్రాములు చాలు. నూరు గ్రాముల జామకాయలో 200 పైనే ఉంటుంది! ఇక జలుబు సంగతి. రోజూ వేసుకునే పెద్దవాళ్ళలో జలుబు కాలం తగ్గేది నూటికి ఎనిమిది పాళ్ళు. వారం రోజుల జలుబులో ఓ పూట అనుకోండి. ముక్కు కారడం మొదలయ్యాక వేసుకుంటే ఆ పూట కూడా మిగలదు.

అయితే ఎవరికీ వద్దా అంటే అలా అనను. పళ్ళూ కూరలూ సయించనివాళ్ళకి డాక్టరు రాస్తారు. అప్పుడు కూడా ముందు మామూలు బిళ్ళ సరిపోతుందేమో అడగండి, ధరలో చాలా తేడా. లైపోజోమలే కొనాలంటే, ఒక మోతాదు అంటే ఎన్ని క్యాప్సూల్సో, అందులో అచ్చంగా సి విటమిన్ ఎంతో చూడండి. కొన్నిటి మీద కొవ్వు బరువు కూడా కలిపి పెద్ద అంకె వేస్తారు. లెసిథిన్ పేరు ఉన్నంత మాత్రాన లైపోజోమల్ అయిపోదు. పిండీ పూర్ణమూ కలిపి ముద్ద చేస్తే కజ్జికాయ అవుతుందా? ఇక్కడ తయారైనదైతే 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఉండాలి. సోయా పడనివాళ్ళు పొద్దుతిరుగుడుది వెతుక్కోవాలి. సోడియం ఆస్కార్బేట్ అని ఉంటే ఉప్పు తగ్గించమన్న బీపీవాళ్ళు డాక్టరుకి చూపించాలి. ద్రవరూపంలోదైతే మూత తీశాక ఫ్రిజ్‌లో పెట్టమన్నారేమో చదవండి.

రోజుకి 2000 దాటితే కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు, ఒంట్లో ఐరన్ పేరుకుపోయే జబ్బున్నవాళ్ళు, తలసీమియా ఉన్నవాళ్ళు, కీమో చేయించుకుంటున్నవాళ్ళు అడక్కుండా ముట్టుకోకూడదు.

రక్తహీనత ఉన్న ఆడపిల్లలకి మాత్రం ఒక మాట. పప్పు, ఆకుకూరల్లోని ఐరన్ ఒంటబట్టాలంటే సి విటమిన్ అదే భోజనంలో ఉండాలి. పప్పన్నంలో నిమ్మచెక్క పిండుకోండి, అదీ పొయ్యి దింపాకే. వేడికి సి విటమిన్ పోతుంది. మన పెద్దవాళ్ళు నిమ్మకాయ పులిహోర పొయ్యి మీద పెట్టి రసం పిండరు, చూశారా! తిన్న వెంటనే టీ మాత్రం వద్దు. అలాగని డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు మానేసి నిమ్మకాయతో సరిపెట్టకండి.

ఇదంతా ఫోన్లో చెబితే మా ఆడపడుచు కాసేపు మాట్లాడలేదు. "వదినా, నేనూ రోజుకి నాలుగు వేసుకుంటున్నా. సీసా చూసి మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది.