తప్పెటగుళ్ళకు బీపీఎం ఎంత?

ఊరేగింపులో డీజే ముందున్న లాప్‌టాప్ తెర మీద ప్రతి పాట పక్కనా రెండు గుర్తులుంటాయి. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడతాయో చెప్పే బీపీఎం ఒకటి, పాట ఏ శ్రుతిలో ఉందో చెప్పేది మరొకటి. ఒక పాట తోకకు ఇంకో పాట తలను అతికించవచ్చో లేదో ఈ రెండే తేలుస్తాయి. దరువులు కలవాలి, శ్రుతులు కొట్టుకోకూడదు. స్టూడియోలో పుట్టిన పాటలకు ఈ లెక్క చక్కగా కుదురుతుంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెపాటలకు అదే లేబుల్ అంటిస్తే మాత్రం అది ఒకానొక రికార్డింగు సంగతే చెబుతుంది, పాట సంగతి చెప్పదు. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. ఆ పాటల్లో మనకు చివరికి ఏం మిగులుతుందో దీని మీదే ఆధారపడి ఉంది.

ముందు వేగం సంగతి. ఉత్తరాంధ్రలో యాదవులు ఆడే తప్పెటగుళ్ళు చూడండి. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటను ఛాతీకి కట్టుకుని, రెండు అరచేతులతో వాయిస్తూ, కాళ్ళ గజ్జెలతో అడుగు వేస్తారు. పాడేదీ వాయించేదీ ఎగిరేదీ ఒకే మనిషి. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు వంత అందుకుంటారు. మొదట నిదానంగా నడిచిన దరువు చరణం చరణానికీ జోరందుకుంటుంది. విన్యాసాల దాకా వచ్చేసరికి మాట దాదాపు వెనక్కి తగ్గి, తప్పెట, గజ్జె, అడుగు మాత్రమే వినిపిస్తాయి. ఆ పాట 80 దగ్గర మొదలై 140 దగ్గర ముగిసిందనుకుందాం. సాఫ్ట్‌వేర్ సగటు తీసి 110 అని రాస్తే, ఆ అంకె ఆటలో ఒక్క క్షణం మాత్రమే నిజం. పైగా నెమ్మది పాటను రెట్టింపు వేగంగానో, వేగం పాటను సగంగానో లెక్కించడం ఈ యంత్రాలకు మామూలే. దంపుళ్ళ పాటకైతే వేగాన్ని రోకలే నిర్ణయిస్తుంది. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో దంచుతుంటే ఒకరి పోటు లేచాకే రెండోవారి పోటు పడాలి. చేతులు అలిసేకొద్దీ పాట తగ్గుతుంది, మళ్ళీ ఊపు తెచ్చుకోవడానికి పాటే గొంతు పెంచుతుంది. ఇక్కడ వేగం పెరగడం, తగ్గడం కూడా పాటలో భాగమే.

శ్రుతి కథ ఇంకా ఆసక్తికరం. పల్లెలో పాటకు శ్రుతి పెట్టేది ఎత్తుకున్నవారి గొంతు. ఆమె పాడితే ఒక చోట, పెద్దాయన పాడితే మరో చోట. డప్పును ఆటకు ముందు మంట దగ్గర కాస్తారు. చర్మం బిగిసి నాదం పైకి లేస్తుంది, చెమ్మ తగిలితే మళ్ళీ దిగుతుంది. జముకుల కథలోని జముకైతే ఏ ఒక్క స్వరం దగ్గరా కుదురుగా నిలవదు. ఒక పక్క చర్మంతో మూసిన పాత్ర, అందులోంచి వచ్చే తంత్రి. తంత్రిని బిగించి, వదులుచేస్తూ మీటితే నాదం జారుతూ ఎక్కుతూ మాట్లాడినట్టే ఉంటుంది. కథకుడి మాటకు ఊఁ కొట్టేది ఆ జారుడే. దాన్ని పన్నెండు స్వరాల గడుల్లో ఒకదానిలో పెట్టమంటే యంత్రం ఏదో ఒకటి ఊహించి చెబుతుంది. సన్నాయికి మాత్రం ఈ స్వేచ్ఛ లేదు. గొట్టం పొడవును బట్టి దాని శ్రుతి స్థిరం, కాబట్టి సన్నాయి మేళం ఉన్నచోట గొంతే సర్దుకుంటుంది.

శ్రుతి ఇలా గొంతును బట్టి మారడం చదువురాని సంగీతపు లోపమని ఎవరైనా అనుకుంటే, విజయనగరంలోనే జవాబుంది. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్‌గా నడిచిన అక్కడి సంగీత కళాశాలలోనూ గాయకుడు ‘స’ ఎక్కడ పెట్టుకుంటే అదే ఆధారం. ఒకరికి ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరికి ఐదున్నర, కీర్తన మారదు. అమెరికా పల్లెసీమల కంట్రీ సంగీతానిదీ ఇదే దారి. 1950ల చివర్లో నాష్‌విల్‌లో నీల్ మాథ్యూస్ జూనియర్ తన గాయక బృందం కోసం స్వరమేళాలను పేర్లతో కాక 1, 4, 5 అంటూ అంకెలతో రాసుకునే పద్ధతి తెచ్చాడు. గాయకుడి గొంతుకు తగ్గట్టు శ్రుతి మార్చినా కాగితం మార్చనక్కర్లేదు. స్టూడియో వాద్యకారులంతా దాన్ని అందుకున్నారు. శ్రుతి గాయకుడిదని వాళ్ళూ ఒప్పుకున్నట్టే.

స్థిరమైన దరువులోకి తేకపోతే ఈ పాటలు ఊరు దాటేవా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమాలో రఘు కుంచె చేసిన ‘నాదీ నక్కిలీసు గొలుసు’తో ఉత్తరాంధ్ర జానపదం రాష్ట్రమంతా మోగింది. ఆ మేలును కాదనలేం, కాదనకూడదు. పది వాద్యాలు వేర్వేరు రోజుల్లో వాయించి కలపాలంటే అందరికీ ఒకే టిక్కు వినిపించాల్సిందే. కానీ సినిమా పాట తన అవసరానికి తాను ఎంచుకున్న రూపం అది. అసలు రూపం ఎక్కడా భద్రంగా లేనప్పుడు ఆ ఎంపికే మూలమై కూర్చుంటుంది. నా పేచీ అక్కడే. ఇప్పుడు శ్రుతి మారకుండా వేగం మార్చే సాఫ్ట్‌వేర్ ఉందిగా అనేవారూ ఉన్నారు. పూర్వం పాటను నూటికి ఆరు వంతులు వేగం పెంచితే శ్రుతి కూడా ఒకటి నుంచి ఒకటిన్నరకు ఎక్కేది. ఆ బాధ తప్పిన మాట నిజమే. అయితే ఎక్కువగా సాగదీస్తే మొదట దెబ్బతినేవి గజ్జెలు, రేకు తప్పెట లాంటి చురుకైన శబ్దాలే. దెబ్బ మొన పోయి గరగరలాడుతుంది.

జానపదం ఎప్పుడూ మారుతూనే ఉంది, వంగపండు మార్చలేదా అన్నది ఇంకో వాదన. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు ఈ నేల బాణీల్లో, ఈ నేల యాసలో పోరాటం పాడారు. ఆయన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ తెలుగునాట తెలియనివారు అరుదు. ఆయన పాటకు కొత్త మాట ఇచ్చారు. నడకను మాత్రం గజ్జె కట్టిన తన కాళ్ళకే వదిలారు. జనం ఊపు చూసి పాట వేగాన్ని మార్చుకునే హక్కు పాడేవాడి దగ్గరే ఉంది. ఆ హక్కు సాఫ్ట్‌వేర్ గ్రిడ్డు చేతికి పోయే మార్పు వేరే రకం.

స్టూడియో మిక్సింగు గురించి కూడా ఒక మాట. తప్పెటగుళ్ళలో వంత పాడేవారు మాటను తిప్పి పాడితే అది వెనక వరసలో ఉన్నవాళ్ళకూ అందుతుంది. మైకు పెట్టి ముందుగొంతును ఒక్కదాన్నే పైకి తెచ్చి, వంతను వెనక పొగలా పరిస్తే, పదిమంది పాట ఒక్కడి పాటైపోతుంది. రికార్డు చేసేవారు వంతకు మరో మైకు పెట్టాలి. మూడు నిమిషాలకు కోయకుండా ఎత్తుగడ నుంచి ముగింపు దాకా ఒకే పట్టున తీయాలి. ఆ ముడి రికార్డింగును అలాగే దాచి, రీమిక్స్‌ను దాని నకలు మీదే చేసుకోవాలి. లేబుల్ మీద బీపీఎం ఒక అంకెగా కాక ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో రాయాలి. శ్రుతి పక్కన ఎవరు ఎత్తుకున్నారో, ఏ వాద్యం మీదో, ఏ ఊళ్ళోనో చేర్చాలి. డీజేకి ఇందువల్ల నష్టమేమీ లేదు. పాట చివర 140కి చేరుతుందని ముందే తెలిస్తే, తర్వాతి పాట అక్కడి నుంచే అందుకోవచ్చు.