కొప్పుముడికి బంగారు తాపడం

మొన్న మార్కాపురంలో మిత్రులొకరు మా యింటికి వచ్చి, "మాస్టారూ, మా అమ్మాయి శిల్పం నేర్చుకుంటానని పట్టుబట్టింది. మీరైనా నాలుగు మంచిమాటలు చెప్పండి. బొమ్మలు కూడు పెడతాయా?" అన్నారు. ఆడపిల్ల తండ్రి, ఆయన భయంలో తప్పులేదు. నేను ఆయనకే వొక శిల్పి కథ చెప్పాను.

జి. రవీందర్ రెడ్డిగారు 1956లో సూర్యాపేటలో పుట్టారు. బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో శిల్పం చదివి, 1980 దశకం మొదట్లో లండన్ వెళ్లి గోల్డ్‌స్మిత్స్ కళాశాలలోనూ, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోనూ నేర్చుకున్నారు. తిరిగివచ్చి కొంతకాలం అహమ్మదాబాదులో పనిచేసి, ఆ తర్వాత విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించారు.

లండన్ చూసివచ్చినవారు యేం బొమ్మలు చేశారనుకున్నారు? మన ఆడవాళ్లనే! విప్పారిన కళ్లు, యెర్రని పెదవులు, కొప్పునిండా పూలు. యెక్కువగా వట్టి తలలే, కొన్ని మనిషికంటె యెత్తు. ముందు మట్టితో మలచి, అచ్చు తీసి, ఆ అచ్చులో ఫైబర్‌గ్లాసు పొరలు పరుస్తారు. ఆపైన మెరిసే రంగులు. కొన్నిటికి బంగారు రేకు. "తార", "కృష్ణవేణి" అని పేర్లూ మన యింటి ఆడపిల్లలవే.

గుళ్లో అమ్మవారికి వుండే రెప్పవేయని చూపునూ, ఆ బంగారాన్నీ తెచ్చి వీధిలో నడిచిపోయే ఆడమనిషికి యిచ్చారాయన. 1996లో న్యూయార్క్ ఏసియా సొసైటీ ప్రదర్శనలోనూ, 2001లో పిట్స్‌బర్గ్‌లోని ఆండీ వార్హోల్ మ్యూజియంలోనూ ఆ తలలను జనం చూశారు.

"విదేశాలు వెళ్లాయి కాబట్టి గొప్పవంటారా?" అన్నారు మిత్రులు.

"నా సంగతి చెబుతాను వినండి. పదిహేనేళ్లుగా పలకల ఫ్యాక్టరీల మీదుగా కాలేజీకి నడుస్తున్నాను. సాయంత్రం పని దిగి, పలకరాతి దుమ్ము దులుపుకొని, కొప్పులో కనకాంబరాలు తురుముకొని యింటిదారి పట్టే ఆడవాళ్లు రోజూ యెదురవుతారు. వొక్క ముఖమూ గుర్తులేదు. ఆ బొమ్మల ఫోటోలు చూసిన మర్నాడే మొదటిసారి వాళ్ల ముఖాలు చూశాను. కూడు మాట అంటారా, నేను హామీ యివ్వలేను. ఆయనకు మాత్రం మేష్టరు వుద్యోగం ఆ విద్యే తెచ్చింది."

మిత్రులు కాసేపు వూరుకున్నారు. కాఫీ గ్లాసు కిందపెట్టి, "మా పిల్ల మొన్న మట్టితో వాళ్ల నాయనమ్మ ముఖం చేసిందండీ. నేను సరిగా చూడనేలేదు" అంటూ లేచారు.