రంగు ఆరింది కదా అని బిగించెయ్యకండి

మా రూమ్ తమ్ముడి గరాజుకి పాత డాట్సన్ 240జెడ్ వచ్చింది. పెయింటు అయింది, ఇక బిగించాలి. అతనికి చెప్పిందే రాస్తున్నా.

పైకి గట్టిపడిందని స్లాబు కింద సెంట్రింగ్ విప్పం కదా, కొత్త పెయింటూ అంతే. చేతికి ఆరినట్టున్నా లోపల మెత్తగానే ఉంటుంది. ఎన్నాళ్లు ఆగాలో పెయింటర్‌నే అడగండి.

బెల్టు, వాచీ, ఉంగరం తీసేయండి. డోర్ల అంచులకి మాస్కింగ్ టేపు. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి వదిలి, సందులు సమానంగా వచ్చాకే బిగించాలి. ఎర్త్ వైరు కింద మాత్రం పెయింటు గీకాల్సిందే, లేకుంటే లైట్లు సరిగా వెలగవు.

అసలు కష్టం ముందు అద్దం. దాని రబ్బరు గాడిలో చుట్టూ సన్నతాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, బయట ఒకరు అరచేత్తో నొక్కుతుంటే లోపల ఇంకొకరు తాడు మెల్లగా లాగాలి. రబ్బరు దానంతటదే అంచు మీదికి ఎక్కుతుంది. స్క్రూడ్రైవర్‌తో తోశారా, గీతే! ఆ ఖర్చు జీతంలో కోసే గరాజులున్నాయి. ఫోర్‌మన్ ఎంత తొందరపెట్టినా ఈ పని ఒక్కరే మొదలెట్టకండి.