ఉచిత సేవ చేసేవారి వ్యాపారానికి సొసైటీ ప్రచారం చేయొచ్చా?

నస్రుల్లాబాద్ లాంటి మండలంలో ఒక వెల్ఫేర్ సొసైటీ ఉందనుకుందాం. పేద ఆడపిల్లలకు కుట్టుమిషన్ నేర్పిస్తుంది. పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట ట్యూషన్ చెప్పిస్తుంది. చెప్పే మాస్టారు ఒక్క పైసా తీసుకోరు. ఆయనకు బాన్సువాడలో సొంత కోచింగ్ సెంటర్ ఉంది. ఒకరోజు ఆయన అడుగుతారు: "ప్రెసిడెంట్ సాబ్, మన వాట్సాప్ గ్రూపులో నా సెంటర్ అడ్మిషన్ల పోస్టర్ పెట్టండి. ఏడాదిగా ఫ్రీగా చెప్తున్నా కదా!"

కాదనాలంటే మొహమాటం. సరే అంటే ఏమవుతుంది?

ముందు ఒక మాట. వాలంటీర్ తన వృత్తి చేసుకోవడం, దానికి ఫీజు తీసుకోవడం తప్పు కాదు. సొసైటీ పేరు, డబ్బు, హాలు, ఫోన్ నంబర్ల లిస్టు ఆయన వ్యాపారానికి పనిచేయడం మొదలైతేనే చిక్కు.

పన్ను మినహాయింపు సంగతి

సొసైటీ రిజిస్ట్రేషన్ వేరు, పన్ను మినహాయింపు వేరు. మన దగ్గర 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీ పెట్టుకోవచ్చు. పన్ను మినహాయింపు కోసం మాత్రం ఇన్‌కమ్ టాక్స్ శాఖ దగ్గర విడిగా రిజిస్టర్ కావాలి. దానికి ఒక గట్టి షరతు ఉంది: సంస్థ ఆదాయం, ఆస్తి సొంతవాళ్ల లాభానికి పోకూడదు. ఆ సొంతవాళ్లు ఎవరో 1961 చట్టంలోని సెక్షన్ 13 చెప్పింది. సంస్థను స్థాపించినవారు, ట్రస్టీలు, నడిపించేవారు, వీళ్ల బంధువులు, వీళ్లకు పెద్ద వాటా ఉన్న వ్యాపారాలు, అలాగే పెద్ద మొత్తంలో విరాళం ఇచ్చినవారు.

అంటే కమిటీలో లేని మామూలు వాలంటీర్ ఈ జాబితాలోకి రారు. అదే కమిటీ సెక్రటరీ గారిదో, వాళ్ల తమ్ముడిదో సెంటర్ అయితే వస్తుంది. సొసైటీ హాలును తగిన కిరాయి లేకుండా ఆ సెంటర్‌కు ఇచ్చినా, పోస్టర్లకు సొసైటీ డబ్బు పెట్టినా, ఆ మొత్తం మీద 30 శాతం పన్ను పడొచ్చు. దాని పైన మొదటిసారి అంతే మొత్తం, మళ్లీ చేస్తే రెట్టింపు పెనాల్టీ కూడా ఉంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త చట్టంతో సెక్షన్ల నంబర్లు మారాయి, సూత్రం మాత్రం అదే.

"ప్రతి అడ్మిషన్‌కు సొసైటీకి కొంత ఇస్తాను" అని మాస్టారు అంటే? దానికి విరాళం అని రసీదు రాయకూడదు. అది వ్యాపార రాబడి. లెక్కలు వేరుగా పెట్టాలి, ముందే ఆడిటర్‌ను అడగాలి.

మాట నమ్మి మోసపోతే

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ప్రకటనలో ఒక సంస్థ పేరు, ముద్ర చూసి అది ఆ సంస్థ అభిప్రాయమేనని జనం నమ్మితే, అది కూడా సిఫారసు కిందికే వస్తుంది. ప్రకటన తప్పుడుదని తేలితే సిఫారసు చేసినవారికి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. ముందే తగినంతగా విచారించామని చూపగలిగితేనే తప్పించుకోగలరు. "నూరు శాతం రిజల్ట్" అనే పోస్టర్ మీద సొసైటీ లోగో వేసే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కొన్ని వృత్తులకు సొంత నియమాలు కూడా ఉన్నాయి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం వకీలు ప్రకటనలతోగానీ, మనుషుల ద్వారాగానీ కేసులు రప్పించుకోకూడదు. డాక్టర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లకూ ఇలాంటి కట్టుబాట్లే ఉన్నాయి. ఉచిత మెడికల్ క్యాంపులో డాక్టర్ సాబ్ క్లినిక్ కార్డులు పంచితే, మనం ఆయనకు మేలు చేస్తున్నామనుకుంటూ ఆయన లైసెన్సునే ఇబ్బందిలో పెట్టినట్లు.

ఇంకొకటి ఫోన్ నంబర్లు. రేషన్ కిట్ కోసం ఒక ఖాలా తన నంబర్ ఇచ్చింది. ఆ నంబర్‌కు టూర్ ప్యాకేజీ ఫోన్లు వస్తే ఆమె ఏమనుకోవాలి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. ఏ పనికి ఒప్పుకుని వివరాలు ఇచ్చారో ఆ పనికే వాడాలన్నది దాని మూల సూత్రం.

మరి ఏం చేయాలి?

కమిటీ మీటింగులో ఒక పేజీ నియమం రాసి, మినిట్స్ బుక్కులో ఎక్కించండి. కమిటీలో ఎవరికి ఏ వ్యాపారం ఉందో ముందే రాయించుకోండి. ఆ విషయం చర్చకు వస్తే సదరు వ్యక్తి పక్కకు తప్పుకోవాలి. హాలు ఇస్తే బయటివాళ్లకు తీసుకునే కిరాయే తీసుకోండి. కోచింగ్ గురించి ఎవరైనా అడిగితే ఒక్కరి పేరు చెప్పకుండా, ఊళ్లో, పక్క ఊళ్లో ఉన్న నాలుగైదు సెంటర్ల పేర్లు చెప్పి, "ఇవి మా సిఫారసు కాదు, మీరే విచారించుకోండి" అనండి. ఉచిత క్లాసులో కూర్చున్న పిల్లలకు ఫీజు క్లాసులో చేరాలనే ఒత్తిడి మాత్రం అస్సలు ఉండకూడదు.

మాస్టారుకు ఏం చెప్పాలి? "మాస్టారూ, మీ సేవకు స్టేజి మీద శాలువా కప్పుతాం, సర్టిఫికెట్ ఇస్తాం. మీ సెంటర్ పోస్టర్ మీరు మీ నంబర్ నుంచి, మీ పేరుతో పెట్టుకోండి. గ్రూపులో అందరికీ ఒకటే రూలు." మంచి మనిషి అర్థం చేసుకుంటారు. జకాత్, సదకా ఇచ్చినవాళ్లు ఆ డబ్బును పేదల కోసం అమానత్‌గా మన చేతిలో పెట్టారు. సొసైటీ పేరు మీద ఉన్న నమ్మకం కూడా అలాంటి అమానతే.